కోత మేస్త్రీ ఇంట్లో బ్యాటరీ రంపం

మార్చి 4, సోమవారం

రెండు నెలలకి ఇవాళ మా ఆయన చేతికట్టు విప్పారు. డాక్టరు కుడిచెయ్యి పట్టుకుని మెల్లగా పైకి లేపాడు. భుజం ఎత్తుకి వచ్చి ఆగిపోయింది. "ఇక ఇంతే అనుకోండి. విదిలించి లాగే పనులు, బరువులెత్తే పనులు పెట్టుకోకండి," అన్నాడు. ఇద్దరం విన్నాం. దారిపొడుగునా ఆయన కొత్తగా వేస్తున్న రోడ్డు ఎంత అధ్వానంగా ఉందో చెబుతూ వచ్చారు. నేను ఊఁ కొడుతూ వచ్చాను.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా పెరట్లో సామాను గదికి వెళ్ళారు. పెట్రోలు రంపం బయటికి తెచ్చి, నేలమీద పెట్టి, కాలితో తొక్కిపట్టి ఎడమచేత్తో తాడు లాగారు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతిలో ఏ రంపమైనా ఒక్క గుంజుకే లేచేది. ఇవాళ పదకొండు సార్లు లాగారు. కిటికీలోంచి లెక్కపెట్టాను. తర్వాత లోపలికొచ్చి, "టీ పెడతావా?" అన్నారు. పెట్టాను.

ఈ చుట్టుపక్కల ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. కోత మేస్త్రీ అంటారు. కరెంటు తీగల మధ్యన ఇరుక్కున్న కొమ్మని కూడా తీగకి తగలకుండా దించిన మనిషి. ఆ మేస్త్రీ భార్యనని చెప్పుకోవడం నాకు ఎప్పుడూ ఇష్టమే. ఇవాళ కూడా ఇష్టమే.

మార్చి 5, మంగళవారం

నా కుట్టుగది మీదికి వాలిన కొమ్మ అక్కడే ఉంది.

మార్చి 8, శుక్రవారం

మధ్యాహ్నం గాలి లేచింది. నా కుట్టుగది రేకుల మీదికి ఏడాదిగా వాలి ఉన్న నేరేడు కొమ్మ, ఎండిపోయిందే, దాని చివర మూరెడు ముక్క విరిగి పడింది. రేకుకి చిల్లు. మిషన్ ముందు నేను కూర్చునే స్టూలుకి సరిగ్గా పైన. టీ గ్లాసు కడుక్కుందామని అప్పుడే లేచాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాసుకుంటున్నాను. చిల్లు పెట్టింది బొటనవేలంత కొన. వెనకాల ఉన్న అసలు కొమ్మ పడితే రేకులూ ఉండవు, మిషనూ ఉండదు.

సాయంత్రం బక్కోడు వచ్చాడు. పదిహేనేళ్ళు ఆయన దగ్గర పని చేసి, ఇప్పుడు సొంతంగా నలుగురిని పెట్టుకుని కోతలు ఒప్పుకుంటున్నాడు. పేరుకే బక్కోడు, ఇప్పుడు మా పెరటి తలుపులోంచి పక్కకి తిరిగి రావాల్సి వస్తోంది.

"అన్నా, రేపు పొద్దున్నే వచ్చి అరగంటలో దించేస్తా," అన్నాడు.

"నా పెరట్లో చెట్టుకి నువ్వు రంపం పెడతావా?"

"అది కాదన్నా. రోజంతా వదిన దాని కిందే కూర్చుంటోంది కదా."

"పది రోజులు ఆగు. చెయ్యి వస్తుంది. నేనే కోస్తా."

బక్కోడు నా వైపు చూశాడు. నేను చిల్లు వైపు చూశాను. కిందపడ్డా పైచెయ్యి నాదే అనే మనిషితో ఏం వాదిస్తాం. మిషన్ని వసారాలోకి జరిపించుకున్నాను. అక్కడ వెలుతురు చాలదు. నల్లబట్ట మీద నల్లదారం కనపడక రాత్రి దాకా కుట్టిందే విప్పాను.

మార్చి 9, శనివారం

బ్యాటరీతో నడిచే రంపాలు వచ్చాయట. తాడు లాగక్కర్లేదు, మీట నొక్కితే గొలుసు తిరుగుతుందట. ఆయనకి పనికొస్తుందేమో చూడాలి.

టేపు పట్టుకుని డాబా ఎక్కాను. ఆ కొమ్మ పిట్టగోడ పక్కనే, నా నడుం ఎత్తులో, రేకుల మీదుగా సాగి ఉంటుంది. నిచ్చెన అక్కర్లేదు, అంతవరకు అదృష్టం. మొదట్లో చుట్టుకొలత ముప్పై అంగుళాలు. ఒకప్పుడు నా నడుం కొలత. అడ్డంగా చూస్తే పది అంగుళాల లోపే. కొలత రాసుకున్నాను. కొలత లేకుండా నేను జాకెట్టు గుడ్డైనా కొనను.

మార్చి 11, సోమవారం

దారం తెచ్చుకుంటానని చెప్పి పనిముట్ల షాపుకి వెళ్ళాను. షాపాయన చెవి మీద పెన్ను పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరికి మేడమ్?"

"మా ఆయనకి."

"అయితే సార్ని తీసుకురండి. చేత్తో పట్టుకుని చూడాల్సిన వస్తువు."

"ఆయన చెయ్యి బాగోలేదనే నేనొచ్చాను. చూపించండి."

ముందు అరచెయ్యంత బ్లేడున్న చిన్నది తీశాడు. ఒంటిచేత్తో వాడేదట. "ఇది ఆడవాళ్ళు కూడా వాడుకోవచ్చు మేడమ్, గులాబీ కొమ్మలూ అవీ," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో గులాబీలు లేవు, పది అంగుళాల నేరేడు కొమ్మ ఉంది అన్నాను. అప్పుడు పదహారు అంగుళాలది తీసి, "చూడండి ఎంత తేలికో," అని నా చేతిలో పెట్టాడు. తేలిగ్గానే ఉంది. బ్యాటరీ లేదు మరి.

"బ్యాటరీ పెట్టి ఇవ్వండి," అన్నాను.

పెట్టక తప్పలేదు. రెండు చేతులతో నడుం ఎత్తులో పట్టుకుని మనసులో లెక్కపెట్టాను. నలభై దగ్గర మణికట్టు వంగిపోయింది. తర్వాత పన్నెండు అంగుళాలది. వంద దాకా లెక్కపెట్టినా చెయ్యి వణకలేదు, కావాలంటే ఇంకో వంద పట్టేదాన్ని. పిడి కూడా నా వేళ్ళకి అమరింది. ఆయన చెయ్యి నా చెయ్యి కంటే పెద్దదే, కాబట్టి నాకు సరిపోతే ఆయనకీ సరిపోతుంది.

షాపాయన అలవాటుగా చదువుకుంటూ పోయాడు. ఒక్క ఛార్జింగ్‌కి వంద కోతలు వస్తాయన్నాడు.

"ఎంత లావు కట్టెకి?"

"నాలుగంగుళాలకి మేడమ్."

"పది అంగుళాలకి, అదీ ఎండిందానికి?"

పెన్ను చెవి మీంచి తీసి బుర్ర గోక్కున్నాడు. అందుకే రెండు బ్యాటరీలు కావాలని తేల్చుకున్నాను. గొలుసు వదులైతే పానాతో బిగించేది ఒకటి, చేత్తో తిప్పే మరతో బిగించేది ఒకటి చూపించాడు. చేత్తో తిప్పేదే మంచిది, పానా కోసం ఇల్లంతా వెతుక్కునే మనిషి మా ఇంట్లో ఉన్నారు. ముందున్న గార్డుని నెట్టితే గొలుసు బ్రేకు పడాలి, అది నాలుగు సార్లు నెట్టించి చూశాను. గొలుసుకి నూనె దానంతటదే వస్తుంది కానీ, నూనె మాత్రం మనమే పొయ్యాలి. కుట్టుమిషన్‌కీ అంతే కదా.

కొనలేదు. ఆలోచించుకుని వస్తానన్నాను. ఆయన కోసం కొనే వస్తువు, తొందరపడకూడదు.

దారం తేవడం మర్చిపోయాను.

మార్చి 12, మంగళవారం

అదే రంపం. పన్నెండు అంగుళాలది. పొద్దున్నించీ కుడుతున్నంతసేపూ దాని బరువు చేతుల్లోనే ఉంది.

మార్చి 13, బుధవారం

కొన్నాను. నా కుట్టుడబ్బులతో. ఇంకో మాట లేదు.

మార్చి 16, శనివారం

మూడు రోజులుగా పెట్టె వసారాలో ఉంది. ఆయన దాన్ని దాటుకుని వెళ్తున్నారు, దాటుకుని వస్తున్నారు. ఇవాళ తెరిచి చూశారు.

"ఇదేం బొమ్మే?"

"రంపం."

"ఏదీ, ఇంజను ఏదీ? ప్రాణం లేని రంపం ఏం రంపం? చప్పుడు వింటే తెలియాలి కట్టె ఎలాంటిదో. నీకేం తెలుసని తెచ్చావు?"

"మీ కోసమే కదండీ తెచ్చింది. తాడు లాగక్కర్లేదు."

తాడు మాట నోరు జారి వచ్చేసింది. ఆయన రంపాన్ని పెట్టెలో పెట్టి, మూత నాలుగు వైపులా జాగ్రత్తగా మూసి, వీధిలోకి వెళ్ళిపోయారు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. నేను ఈ ఊరందరికీ కొలత తప్పకుండా కుట్టిపెడతాను, ఇంట్లో మాత్రం నాకేం తెలుసని.

మార్చి 18, సోమవారం

ఆయన చేతి వ్యాయామానికి వెళ్ళారు. రావడానికి గంటన్నర పడుతుంది. వస్తువు కొన్నాక పనిచేస్తుందో లేదో చూడాలి కదా, లేకపోతే వాపసు ఇవ్వడానికి గడువు దాటిపోతుంది. అందుకే తీశాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాను. హెల్మెట్ నాకు పెద్దది, లోపల తువ్వాలు మడిచి పెట్టాను. కట్టెలు కోసుకునే నాలుగుకాళ్ళ చెక్క గుర్రం మీద పాత దుంగ పెట్టి, కాళ్ళు ఎడంగా వేసి, బ్రేకు వదిలి, మీట నొక్కాను. నొక్కేదాకా ఉలుకూ పలుకూ లేదు, నొక్కగానే జివ్వుమంది. దుంగ మీద ఆనించాను. పొట్టు మోకాళ్ళ మీద పడింది. బలంగా నొక్కబోతే మూలిగింది, కొంచెం వదిలితే తనే దిగింది. బట్ట మిషన్ కింద తోసినా ఇంతే, తోసేవాళ్ళకి కుట్టు వంకర పోతుంది. అలా తొయ్యకుండా ఉండటం నాకు వచ్చు.

ముక్క కింద పడింది. చిన్న ముక్కే. దాన్ని తిప్పి చూశాను, కోత చదునుగా ఉంది. ఇంకోటి కోశాను. ఇంకోటి. గొలుసు దగ్గర పొగ వచ్చింది, అప్పుడు గుర్తొచ్చింది నూనె పొయ్యలేదని. బుద్ధి లేనిదాన్ని, మిషన్‌కైతే ఎప్పుడూ మర్చిపోను. పోసి మళ్ళీ కోశాను. మొత్తం తొమ్మిది ముక్కలు. నాకు యాభై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు ఆ కోత చప్పుడు వింటూ అన్నం వండాను, ఒక్కసారి కూడా ఎవరూ పట్టుకుని చూడమనలేదు, నేనూ అడగలేదు.

ఆయన వచ్చేలోపు పొట్టు ఊడ్చేశాను.

భోజనాల దగ్గర, "పొట్టు గుర్రం కాళ్ళ దగ్గర వదిలేశావు," అన్నారు. నేను ఇంకో ముద్ద కలిపాను.

మార్చి 21, గురువారం

ఇవాళ పెద్ద గండం తప్పింది. వరసగా రాస్తాను.

పొద్దున ఆయనే రంపం తీశారు. నన్ను పిలవలేదు కానీ పెరటి తలుపు తీసే ఉంచారు. దుంగ గుర్రం మీద పెట్టి, రంపం కిందికే పట్టుకుని కోశారు కాబట్టి భుజం అడ్డు రాలేదు. రెండు కోతలు. ఏం కోతలవి. నేను తొమ్మిది ముక్కల్లో చూపించలేని నేర్పు ఆ రెండింటిలో ఉంది. గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాను.

మూడో కోతలో ఒక పేడు గొలుసుకీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుంది. ఆయన మీట వదిలారు. రంపం చప్పుడు లేకుండా ఆగింది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఇంజను మోగకపోతే రంపం చచ్చినట్టే లెక్క. ఎడమచెయ్యి వెనక పిడి మీదే ఉంది, వేలు మీట మీదే ఉంది, బ్రేకు వెయ్యలేదు. కుడిచెయ్యి గొలుసు మీదికి వెళ్ళింది, పేడు లాగడానికి.

ఎలా వెళ్ళానో నాకు తెలీదు. "చెయ్యి తియ్యండి," అని నేను అరిచిన అరుపుకి వీధిలో కుక్క కూడా మొరిగింది. ఆయన చెయ్యి వెనక్కి తీశారు. నేను బ్యాటరీ పక్కనున్న బటను నొక్కి, బ్యాటరీ ఊడబెరికి, కొంగులో పెట్టుకున్నాను.

"ఏమైందే? ఆగిపోయిందిగా," అన్నారు.

"ఆగలేదండీ. కాచుక్కూర్చుంది."

అప్పుడు నా ఎడమచూపుడువేలు ఆయన ముందు పెట్టాను. కాలితో తొక్కే మిషన్ తీసేసి మోటారుది కొన్న మొదటి వారం సంగతి. తొక్కుడు మిషన్ అయితే మన కాలు ఆడితేనే సూది ఆడుతుంది. మోటారుది చప్పుడు లేదు కదా అని సూది కింద వేలు పెట్టి దారం లాగాను, కాలు పెడలు మీదే ఉంది. సూది గోరులోంచి దిగి అవతలికి వచ్చింది. ఆ రోజు నుంచి ప్లగ్గు తియ్యకుండా సూది కిందికి వేలు పోనివ్వను. గోరు ఇప్పటికీ రెండుగా పెరుగుతుంది.

ఆయన ఆ గోరు చాలాసేపు చూశారు. ఇరవై ఏళ్ళుగా ఈ చేతులతో వడ్డించిన అన్నమే తిన్నారు, ఇప్పుడే చూసినట్టు చూశారు. తర్వాత తన కుడిచెయ్యి చూసుకున్నారు. వేళ్ళు ఐదూ ఉన్నాయి.

మార్చి 22, శుక్రవారం

పొద్దున్నించీ ఆయన కొమ్మ కిందే తచ్చాడుతున్నారు. కోపం కాదు. నాకు తెలుసు ఆయన కోపం ఎలా ఉంటుందో.

మార్చి 23, శనివారం

నా డబ్బాలో సుద్దముక్క కనపడలేదు. బట్ట మీద గీసుకునే సుద్ద. వెతుకుతుంటే పైనించి అడుగుల చప్పుడు. డాబా ఎక్కి చూస్తే ఆయన పిట్టగోడ పక్కన, ఎడమచేత్తో కొమ్మ మీద గీతలు గీస్తున్నారు. చివరి నుంచి మొదటి దాకా ఆరు చోట్ల. ప్రతి చోటా రెండు గీతలు, కింద ఒకటి, పైన ఒకటి.

"కింద గీత ముందు. మూడో వంతు దాకానే. తర్వాత పైనించి," అన్నారు, నా వైపు చూడకుండా. "పైనించే మొదలుపెడితే బెరడు చీరుకుని వస్తుంది. బ్లేడు ముక్కు దేనికీ తగలనివ్వకు, తగిలితే మొహం మీదికి ఎగురుతుంది. కొమ్మకి తాడు నువ్వు కట్టు, కింద నేను పట్టుకుంటా."

"ఎప్పుడు?"

"రేపు. గాలి లేనప్పుడు, పొద్దున్నే."

ఆయన గీత గీసేది పని నేర్చుకునేవాళ్ళకే. బక్కోడికి నాలుగేళ్ళు గీశారు. నాకు గీశారు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా తనివి తీరేట్టు లేదు. నాకు గీశారు.

మార్చి 24, ఆదివారం

దించేశాం.

తాడు పై పచ్చికొమ్మ పంగలోంచి వేసి, చివర బట్టలారేసే ఇనుప స్తంభానికి రెండు చుట్లు తిప్పి, ఆయన ఎడమచేత్తో పట్టుకుని పెరట్లో నిలబడ్డారు. ఆ రెండు చుట్లు ఉంటే ఒక్క చెయ్యి చాలు, అది మేస్త్రీ లెక్క. నేను ముక్కకి తాడు కట్టాను. ముడి మూడుసార్లు విప్పించి కట్టించారు. మూడోసారికి నాకూ మండింది.

"నేను కుట్టిన ముడి ఎప్పుడైనా ఊడిందా మీకు?" అన్నాను పైనించి.

"చొక్కా గుండీ ఊడితే తల పగలదే," అన్నారు కిందనించి. మళ్ళీ కట్టాను.

మొదటి గీత. కింద మూడో వంతు, తర్వాత పైనించి. కొమ్మ టప్పున తెగి తాడుకి వేలాడింది, ఆయన మెల్లగా వదిలారు, పిల్లని ఉయ్యాల్లోంచి దించినట్టు దిగింది. రేకుకి గీత కూడా పడలేదు. రెండో గీత దగ్గర "నిదానం, నిదానం" అని అరిచారు. మూడో గీత దగ్గర "మోచెయ్యి దగ్గరికి" అని అరిచారు. నాలుగో గీత నుంచి అరవడం మానేశారు. రంపం ఆపి, ఉన్నారా లేదా అని పిట్టగోడ మీంచి తొంగిచూశాను. తల పైకెత్తి చూస్తూ నిలబడి ఉన్నారు, అంతే.

ఐదో గీత మధ్యలో బ్యాటరీ అయిపోయింది. రెండోది పెట్టాను. షాపాయన మాట విని ఒక్కటే తెచ్చుకుంటే సగం తెగిన కొమ్మ కింద పడిగాపులు పడేవాళ్ళం.

ఆరోది మానుకి ఆనుకుని. లావు అక్కడే. "మెడ వదులు," అన్నారు. కొమ్మ మొదట్లో ముడతలు పడ్డ ఉబ్బు ఉంటుంది, దాన్ని కొయ్యకూడదు, దాన్నించే బెరడు పెరిగి గాయం మూసుకుంటుంది. అర అంగుళం వదిలి కోశాను. చంక పట్టీ దగ్గర కుట్టుకి వదిలే బట్ట అంత. చెమట కళ్ళల్లోకి దిగింది, తుడుచుకోలేదు. చివరి ముక్క దిగాక బ్రేకు వేసి, బ్యాటరీ తీసి, పిట్టగోడ మీద కూర్చుని ఏడ్చాను. బాధ కాదు. గర్వంతో కూడా ఏడుపొస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

మిషన్ని మళ్ళీ నా గదిలోకి మార్చుకున్నాను. చిల్లులోంచి ఆకాశం కనపడుతోంది. రేకు రేపు వేయించాలి.

మార్చి 26, మంగళవారం

బక్కోడు వచ్చాడు. పెరట్లో పేర్చిన ముక్కలు చూశాడు, తల ఎత్తి మాను చూశాడు, డాబా మీదికి కూడా వెళ్ళి వచ్చాడు. నేను గదిలో అంచు కుడుతున్నాను. కిటికీ తీసే ఉంది.

"అన్నా, చెయ్యి వచ్చేసిందన్నమాట," అన్నాడు. గొంతులో నిజంగా సంతోషం. "నాకు తెలుసు వస్తుందని. మెడ అలా వదలడం ఈ చుట్టుపక్కల ఇంకెవరికొచ్చు? చూడగానే అనుకున్నా, మా అన్న కోతే అని."

నా కాలు పెడలు మీంచి లేచిపోయింది.

ఊఁ అంటే సరిపోయేది ఆయనకి. ఊరంతా మళ్ళీ మేస్త్రీ చెయ్యి వచ్చిందనేవాళ్ళు. బక్కోడి ముందు తల ఎత్తుకుని ఉండేవారు. నేను కాదనేదాన్ని కాను, ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఆయన ఊఁ అంటారనే అనుకున్నాను, అంటే ఏం రాసుకోవాలో కూడా అప్పుడే ఆలోచించుకున్నాను. పోనీలే, ఆయన గెలుపు నాది కాదా, అని రాసుకునేదాన్ని.

"గీత నాది," అన్నారు ఆయన. "కోత మీ వదినది."

బక్కోడు నవ్వబోయి ఆగాడు.

"నా చెయ్యి ఇక రాదురా," అన్నారు. "డాక్టరు ఎప్పుడో చెప్పాడు."

మా ఇంట్లో ఈ మాట పైకి రావడం ఇదే మొదలు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆయన కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు, కానీ తల దించుకోలేదు. బక్కోడు కిటికీలో నన్ను చూసి, ఆయన్ని పలకరించేటప్పుడు నిలబడినట్టు, కాళ్ళు దగ్గరికి పెట్టి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో మేస్త్రీ భార్యనని చాలాసార్లు పొంగిపోయాను. ఇవాళ పొంగినట్టు ఎప్పుడూ పొంగలేదు, ఆయన్ని చూసి సగం, నన్ను చూసుకుని సగం.

అంత నిజం ఆయన నలుగురికీ తెలిసేలా చెప్పాక, ఎవరూ చూడని ఈ పుస్తకంలో నేను అబద్ధం ఉంచుకుంటే బాగోదు. రంపం ఆయన కోసం కొన్నానని ఐదారు చోట్ల రాశాను. ఆయన కోసం కొనలేదు. షాపులో వంద లెక్కపెట్టేసరికి అది నాకు కావాలనిపించింది. నాకోసమే కొన్నాను.